నీలం టిక్కులు

మందస

చిట్టీ,

కొండ మీద గూడేల్లో పిల్లలకి ఫోన్లో పాఠాలు చెప్తావని మీ అమ్మ చెప్పింది. పగలంతా కనబడినవాళ్ళకల్లా చెప్పుకున్నాను. రాత్రే నిద్ర పట్టలేదు.

సిగ్నల్ సంగతి నీకు తెలియనిది కాదు. దీక్షా యాప్‌లో పాఠాలు ముందే దించి, మెమరీ కార్డుల్లో వేసి, సంతరోజు ఇచ్చెయ్యి. బడి మానేసినవాళ్ళల్లో 14 ఏళ్ళ వయసు నిండినవాళ్ళని ఓపెన్ స్కూల్ పదో తరగతికి కట్టించు.

నా భయం వేరే. 2020లో బళ్ళు మూశాక నేనూ వాట్సాప్‌లో పాఠాలు పంపాను. సప్తగిరి ఛానల్లో పాఠాలొచ్చేవి గానీ, మా పిల్లల ఇళ్ళల్లో టీవీలెక్కడివి? ఏడో తరగతి గుంట ఒకతె నంబరుకి ఏం పంపినా వెంటనే రెండు నీలం టిక్కులు. బుద్ధిగా వింటోందనుకుని నోటుబుక్కులో ఆమె పేరు పక్కన నేనూ ఎర్ర టిక్కు కొట్టేవాణ్ణి. టిక్కులు పడనివాళ్ళకే ఫోన్ చేసి తిట్టాను. ఈ గుంటకి ఒక్కసారీ చెయ్యలేదు.

బళ్ళు తెరిచారు, తను రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే, ఆ నంబరు కొండ దిగువ కిరాణా కొట్టుది. అక్కడైతే సిగ్నల్ ఉంటుందని వాళ్ళ నాన్న ఇచ్చాడట. కొట్టు కుర్రాడు ఊసుపోక అన్నీ తెరిచి చూసేవాడు. గుంట వసారాలో కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది. నన్ను చూసి చేతులు వెనక్కి దాచుకుంది. జీడి రసానికి వేళ్ళ కొసలు నల్లబడి తోలు ఊడిపోతోంది.

"పాఠాలు విన్నావా?" అన్నాను.

"ఏ పాఠాలు మాస్టారూ?" అంది.

అందుకే, నంబరు రాసుకునేటప్పుడు ఫోనెవరిదో, ఏ వేళకి ఇంటికొస్తుందో అడుగు. వారానికోసారి ఒక్కో పిల్ల గొంతూ విను. పదిహేను రోజులకోసారి కొండెక్కి చేతులు చూడు. మొదటి మాట సవరలో పలకరించు. గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గరే ఆ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి సొంత ఖర్చుతో బడులు పెట్టారు. నాకు సర్వీసంతా కలిపి నాలుగు ముక్కలొచ్చాయి, అవీ తిట్లే.

వానలో బండి మీద కొండెక్కావో, కాళ్ళు విరగ్గొడతాను. వినవులే, మీ అమ్మ పోలిక. మీ అత్త కంది పొడి చేసింది, పట్టుకెళ్ళు.

ఆ గుంట మళ్ళీ బడికి రాలేదు. ఇప్పుడు పెద్దదయింది. నీ ఓపెన్ స్కూల్ లిస్టులో ముందు తన పేరు రాయి. ఫీజు నేను కడతాను. నేనని చెప్పకు.

మావయ్య