గేదె పొట్టలో చేరిన కవర్లకు మందుందా?

సందేహం: మా ముర్రా గేదె ఈని నాలుగు నెలలైంది. ఎనిమిది లీటర్లు ఇచ్చేది నాలుగుకి పడిపోయింది. ఎడమ డొక్క ఉబ్బుతోంది, మందు పోస్తే తగ్గి వారం తిరక్కుండానే మళ్లీ వస్తోంది. పగలంతా కాలవగట్టు మీదే మేత. మొన్న పేడలో కవరు పీలిక కనపడింది. కవర్లు కరగడానికి మందుందా? పాలు పిల్లలకు పోయొచ్చా?
– ఒక రైతు, అమలాపురం దగ్గర

సలహా: ప్లాస్టిక్‌ని కరిగించే మందు లేదండీ. ఎవరైనా ఉందని అమ్మితే కొనకండి. పేడలో పడింది చిన్న పీలిక, పెద్దవి మొదటి పొట్టలోనే ఉండిపోయి, గడ్డిపీచుతో, నైలాన్ తాళ్లతో పెనవేసుకుని ముద్దవుతాయి. దాంతో మేతకు చోటుండదు, గ్యాస్ బయటికి రాదు.

ఎడమ డొక్క మీద పిడికిలి అదిమి రెండు నిమిషాలు ఉంచండి. ఆరోగ్యంగా ఉన్న పశువుకి రెండు మూడుసార్లు లోపల్నించి తోసినట్టు తెలుస్తుంది. ఆ కదలిక లేకపోయినా, నెమరు తగ్గినా వెంటనే పశువుల డాక్టరుకి చూపించండి, పశువుల వైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేసినా సరే. ఉబ్బింది కదా అని తల పైకెత్తి గొట్టంతో నూనె మాత్రం పోయకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

కవర్లే అని తేలితే ఆపరేషన్ చేయించాల్సిందే, భయపడకండి. నిలబెట్టే, ఎడమ డొక్కకి మత్తిచ్చి కోస్తారు. నేను చూసిన ఒక గేదె పొట్టలోంచి తీసిన ముద్దని నీళ్లలో ఝాడిస్తే, ఒక కవరు మీద బట్టల షాపు అక్షరాలు ఇంకా చదవడానికి వచ్చాయి! బక్కచిక్కిపోయాక చేయిస్తే తట్టుకోలేదు కాబట్టి ఇప్పుడే తేల్చుకోండి.

పాల సంగతి. కవరు ముక్కలు పొదుగులోకి రావు, కాచి పోయొచ్చు. యాంటీబయాటిక్ వాడితే మాత్రం డాక్టరు చెప్పినన్ని రోజులు ఆపండి. నాకు అంతకంటే టెన్షన్ గట్టు మీద చెత్త తగలబెట్టడం గురించి. పీవీసీ లాంటి ప్లాస్టిక్‌లు కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి, గడ్డి మీద పడతాయి, గేదె కొవ్వులో చేరి వెన్నతోపాటు మీ పిల్లల గ్లాసులోకే వస్తాయి. కాలవలోకి తోసేసినా పోయేదేం లేదు, గుర్రపుడెక్కకి చిక్కుకున్నవి పోగా మిగిలినవి సముద్రానికి చేరతాయి, అక్కడి ఒడ్డున గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వాటిని జెల్లీ చేపలనుకుని మింగుతాయి.

గేదె కవరెందుకు తింటుందంటే, మేక పెదాలతో ఏరుకుంటుంది గానీ గేదె నాలుకతో చుట్టి లాగేస్తుంది. మిగిలిన కూరా అన్నం కవర్లో ముడేసి పారేస్తే ఆ ఉప్పు వాసనకి ముడితో సహా మింగేస్తుంది. ఇంటి కూడు తొట్లో పోయమని చుట్టుపక్కల ఆడవాళ్లతో మాట్లాడండి, నిజంగా ఫలితముండేది ఇక్కడే. దాణాలో రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం కలపండి, కనపడిందల్లా నాకే అలవాటు తగ్గుతుంది. డాక్టరు వచ్చేదాకా గట్టుకి తోలకుండా ఇంటి దగ్గరే కట్టేయండి, పచ్చగడ్డి కొద్దికొద్దిగా వేయండి.