కోళ్ల గూటి పక్కన బొరియ కనిపిస్తే

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

గూటి వెనక బొరియలు పడ్డాయనీ, కోడిపిల్లలు పోతున్నాయనీ, ఎలుకల మందు పెట్టమని అందరూ చెబుతున్నారనీ రాశావు. ఆ మందు మాత్రం ఇంటికి తేవద్దు. జింక్ ఫాస్ఫైడ్ కలిపిన నూకలను పందికొక్కు ముట్టుకుంటుందో లేదో గాని, గింజలేరుకుంటూ తిరిగే కోడి ముక్కున కరుచుకోవడం ఖాయం. దానికి విరుగుడు మందు కూడా లేదు. బ్రోమాడియోలోన్ అనే ఇంకో ఎలుకల మందు తిన్న జంతువు లోలోపల రక్తం కారుతూ రోజుల తరబడి బాధపడి చస్తుంది. నీరసించి తిరిగే దాన్ని పట్టి తిన్న పిల్లికీ, గుడ్లగూబకీ ఆ విషమే ఎక్కుతుంది. ఎలుకలను పట్టేవాటినే మన చేత్తో చంపుకున్నట్టు. బొరియలో వేసే గ్యాస్ బిళ్లలు ఇంటి పక్కన మనుషుల ప్రాణాలకే ముప్పు. జిగురు అట్టల సంగతి చెప్పనే అక్కర్లేదు, అంత క్రూరమైనది మరొకటి లేదు.

ముందు వస్తున్నది ఏదో తేల్చుకో. బొరియ నోటి దగ్గర తవ్విపోసిన తడిమట్టి కుప్పగా ఉంటే చాలావరకు పందికొక్కే. సాయంత్రం ఎండుగడ్డి ఉండచుట్టి ఆ నోట్లో వదులుగా దూర్చు. తెల్లారేసరికి అది బయటికి నెట్టేసి ఉంటే లోపల కాపురం ఉన్నట్టే. పట్టపగలే పిల్ల మాయమైతే ముంగిస కావచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముంగిసను పట్టడమూ చంపడమూ నేరం. పిల్లలను గంప కింద ఉంచి, నువ్వు దగ్గరున్నప్పుడే బయటికి వదిలితే సరిపోతుంది. పెంకు ముక్క కూడా మిగలకుండా గుడ్లు పోతుంటే పాము కూడా కావచ్చు. ఎలుకలు వదిలేసిన బొరియల్లో నాగుపాములు చేరతాయి కాబట్టి ఎప్పుడూ అందులో చెయ్యి పెట్టకు.

పందికొక్కు వచ్చేది ముందుగా దాణా కోసం. సాయంత్రం కోళ్లు గూటికి చేరగానే మిగిలిన నూకలు, తవుడు తీసేసి, నేల చిమ్మి, దాణా అంతా మూత బిగుసుకునే రేకు డబ్బాలో పొయ్యి. గోనెసంచి దానికి అడ్డే కాదు. గుడ్లు పూటపూటా ఏరుకో. గూటి చుట్టూ పేర్చిన పాత కట్టెలు, ఇటుకలు కూడా తీయించు, వాటి చాటునే అది తవ్వడం మొదలుపెడుతుంది.

ఇక అసలు పని జాలీ. కోళ్ల జాలీ అని అమ్మే ఆరుమూలల సన్నతీగ కోడిని ఆపుతుంది గాని పందికొక్కును ఆపదు, కొరికేస్తుంది. అరంగుళం గళ్లున్న వెల్డింగ్ జాలీ తీసుకో, తీగ మందంగా ఉండాలి. గోడ వెంట అడుగు లోతున కాలవ తీయించి జాలీని నిలువుగా దించు. అడుగున మరో అడుగు వెడల్పు బయటివైపుకు మడిచి పరిచి, మట్టి కప్పి తొక్కించు. ఈ మడత విషయంలో మేస్త్రీ బద్ధకిస్తే ఊరుకోవద్దు. తవ్వే జంతువు గోడ మొదలును పట్టుకునే తవ్వుతుంది. కిందికి దిగేకొద్దీ జాలీయే తగులుతుంటే, రెండడుగులు వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలన్న ఆలోచన సాధారణంగా దానికి రాదు. తలుపు కింది సందు కూడా చూడు. బొటనవేలు పట్టిందంటే చిన్న ఎలుక దూరగలదు.

బొరియలను వెంటనే పూడ్చేయవద్దు. లోపల కళ్లు తెరవని పిల్లలుంటే ఊపిరాడక చస్తాయి. నీళ్లు పోసినా, పొగ పెట్టినా అదే గతి. తిండి దొరకడం మానేస్తే తల్లి పిల్లలను నోట కరుచుకుని తనే మకాం మారుస్తుంది. బొరియ నోట్లో దూర్చిన గడ్డి వరసగా వారం రోజులు కదలకపోతే అప్పుడు రాళ్లూ మట్టీ వేసి దిమ్మిస కొట్టించు. బోనులో పట్టి ఊరవతల వదిలితే పుణ్యమని కొందరంటారు. నాకు నచ్చదు. దారీ తెన్నూ తెలియని చోట అది బతకడం కష్టం, బతికినా ఇంకొకరి వరి మీద పడుతుంది, ఇక్కడ దాని పిల్లలు ఆకలితో మాడిపోతాయి.

ఇంకొక మాట. ఎలుక జాతి మూత్రం వల్ల ఎలుక జ్వరం వస్తుంది. కాలవ తీసేవాళ్లకూ, గూడు కడిగే నీకూ చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు ఉండాలి. తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. వానలు పడకముందే జాలీ పని పెట్టుకో, నేల బురదైతే కాలవ గట్టు నిలవదు. గూటి కొలతలు రాసి పంపితే జాలీ ఎంత పడుతుందో లెక్క కట్టి చెబుతాను.

మీ పెద్దమ్మ