బోల్ట్ హ్యాండిల్ పాలిష్: గీతలు ఎందుకు మిగులుతున్నాయి

ఎంత రుద్దినా మీ రైఫిల్ బోల్ట్ హ్యాండిల్‌పై సన్నగీతలు పోవడం లేదంటే తప్పు పాలిష్‌ది కాదు. 400 నంబర్ వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) గీతలు పోకముందే పై నంబర్‌కి, అంటే ఇంకా సన్నటి కాగితానికి వెళ్లిపోయి ఉంటారు.

1. చాంబర్, మ్యాగజైన్ ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి, బోల్ట్ బయటికి తీయండి.

2. వాటర్ పేపర్ 400, 600, 1000, 1500 వరుసలో, నూనె చుక్కతో.

3. చాలామంది వదిలేసేది ఇదే: నంబర్ మారినప్పుడల్లా రుద్దే దిశ మార్చండి. ముందు నిలువుగా రుద్దితే తర్వాత అడ్డంగా. అప్పుడు పాత గీత ఒక్కటి మిగిలినా లైటు కింద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అది పోయేదాకా పై నంబర్ ముట్టుకోవద్దు. మధ్యలో శుభ్రంగా తుడవండి, ఒక్క గరుకు రేణువు చాలు మళ్లీ గీత పడడానికి.

4. మెటల్ పాలిష్, మెత్తటి గుడ్డ, ఆపై పల్చగా నూనె.

బోల్ట్ లగ్స్ (బోల్ట్‌ని లాక్ చేసే దిమ్మలు), ట్రిగ్గర్, సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా ఫైరింగ్ పిన్‌ని ఆపి ఉంచే ముక్క) జోలికి మాత్రం దయచేసి పోవద్దు. బ్లూయింగ్ (ఉక్కుపై ఉండే నీలినలుపు పూత) ఉన్నచోట రుద్దితే ఆ పూతే పోతుంది.