‘పిచ్చి’ అన్న మాట మానేయాలా?

ప్రశ్న: మా తమ్ముడు స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు ఆరేళ్లుగా మందులు వాడుతూనే చంద్రగిరిలో మా అంగడి చూసుకుంటున్నాడు. మొన్న ఒక పెళ్లిలో బంధువొకాయన అతణ్ణి ‘పిచ్చోడు’ అంటే గొడవపడి వచ్చాను. ఆ సాయంత్రమే మా పాపను ‘పిచ్చి వేషాలు వేయవద్దు’ అని కసిరితే, ‘నువ్వూ అదే మాట అంటున్నావు కదమ్మా’ అంది. ఈ మాటను పూర్తిగా మానేయాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి జిల్లా

జవాబు: మీ పాప ప్రశ్న న్యాయమైనదే గానీ, ఆ రెండు మాటలూ ఒకటి కావు. తెలుగులో పిచ్చి, వెర్రి అన్నవి జబ్బుకే పరిమితమైన పేర్లు కావు. ఎవరూ నాటకుండా మొలిచేవి పిచ్చిమొక్కలు, నోట పెట్టలేనంత చేదైనది వెర్రిపుచ్చ, ఇక వెర్రినువ్వులనైతే పండించి నూనె కూడా తీస్తారు. ‘పిచ్చోడు’ అన్నప్పుడు మాత్రం మనిషికున్న పేరు, వరస, చేసే పని అన్నీ చెరిపేసి జబ్బునే పేరుగా పెడుతున్నాము. షుగరు ఉన్నవాణ్ణి ‘షుగరోడు’ అని ఎవరూ పిలవరు కదా!

చట్టం కూడా ఈ తేడాను మెల్లగానే గ్రహించింది. మానసిక జబ్బులపై మన దేశంలో 1912 నాటి చట్టం వాడిన ‘ల్యూనటిక్’ (పిచ్చివాడు) అన్న పదం చంద్రుడికి లాటిన్‌లో ఉన్న పేరు నుంచి పుట్టింది. అమావాస్యకు పిచ్చి ముదురుతుందనే మన పల్లెల నమ్మకానికి అది దూరపు చుట్టం. 1987 చట్టం ‘మానసిక రోగి’ అన్న అర్థమిచ్చే మాట వాడగా, 2017 చట్టం ‘మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తి’ అంటూ వ్యక్తిని నిలబెట్టి, జబ్బును అతనికి ఉన్నవాటిలో ఒకటిగా చేసింది.

అయితే కొత్త పేరు ఎంతకాలం శుభ్రంగా ఉంటుందో చెప్పలేము. వైద్యుల భాష నుంచి వచ్చిన ‘మెంటల్’ ఇప్పుడు మన బజార్లలో ‘పిచ్చోడు’ కన్నా పదునైన తిట్టు. స్కిజోఫ్రీనియా అన్న పేరుకు మూలార్థం ‘చీలిన మనసు’. జపాన్‌లో ఆ అర్థాన్నే అనువదించి పెట్టిన పేరు వల్ల వైద్యులు రోగులకు జబ్బు సంగతి చెప్పడానికే వెనుకాడేవారు. చివరకు రోగుల కుటుంబాల కోరికపై 2002లో దానిని మార్చి, సమన్వయం తప్పిందన్న అర్థమిచ్చే పేరు పెట్టారు.

కాబట్టి పాపతో మీరన్న మాటకు నొచ్చుకోనక్కరలేదు. తమ్ముడు వినేచోట తగ్గించుకుంటే మర్యాద. బంధువులకు జబ్బు సంగతి చెప్పాలో వద్దో, చెబితే ఏ పేరుతో చెప్పాలో అతణ్ణే అడగండి. ఒకవేళ అతడే నవ్వుతూ ‘నా పిచ్చి నాది’ అంటే, దాన్ని మాత్రం దిద్దవద్దు.