మూలభాష నుంచి కొత్త భాషను దించే పద్ధతి

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి మాధవికి, ఆశీస్సులు.

నువ్వు కల్పిస్తున్న భాష ధ్వని మార్పుల పట్టిక చూశాను. మార్పులు బాగానే ఎంచుకున్నావు, కానీ వాటికి వరస లేదు. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అన్నది తేల్చకపోతే అవే మార్పులు ఒక్కో వరసలో ఒక్కో భాషను పుట్టిస్తాయి.

ముందు మొదలుపెట్టే చోటు మార్చుకోవాలి. చేతికి అందేది సంస్కృతమే కనక అక్కణ్ణుంచి దించుతున్నావు. దానికీ గ్రీకు, లాటిన్‌లకూ తల్లి అని పండితులు ఊహించి కట్టిన భాషే మూల ఇండో-యూరోపియన్. మూల ఇండో-యూరోపియన్‌లో వేరువేరుగా ఉన్న ఎ, ఒ, అ మూడూ సంస్కృతంలో అ దగ్గర కలిసిపోయాయి. కలిసినవాటిని మళ్ళీ విడదీసే నియమం రాయలేవు. మూలరూపాలే తీసుకో; రాతలో దొరక్క ఊహించి కట్టినవి కనక వాటి ముందు * గుర్తు పెడతారు. మన లిపిలో హ్రస్వ ఎ, ఒ ఉన్నాయి కాబట్టి *భెర్ (మోయు), *క్వెత్వొరెస్ (నాలుగు) అని హాయిగా రాసుకోవచ్చు. లారింజియల్స్‌ను అంటే గొంతు దగ్గర పలికాయనుకునే మూడు హల్లులను, హ1, హ2, హ3 అని రాయి. ఉదాత్తం (స్వరం ఎత్తి పలకడం) ఉన్న అచ్చుకు గుర్తు పెట్టు. మూలభాషలో భ, ధ, ఘ ఉన్నాయిగాని ఖ, థ, ఫ లేవని ఎక్కువమంది లెక్క. నీ జాబితాలో *థ ఉన్న మాటలు సంస్కృతం నుంచి దూరినవే, సరిచూసుకో.

పని ఎక్సెల్‌లో చెయ్యి. మొదటి కాలమ్‌లో ఓ నూరు మాటలు: అంకెలు, చుట్టరికాలు, శరీర భాగాలు, ఇరవై ధాతువులు. ఆ పక్కన ఒక్కో కాలమ్‌కు ఒక్కో నియమం. ఒక మాటను చివరిదాకా లాక్కెళ్ళి తర్వాతి మాట పట్టుకోకు. నూరు మాటలకూ ఒక నియమం వర్తింపజేశాకే రెండో నియమం. మాట వెంట పడితే మనకు నచ్చిన రూపం వైపు నియమాన్ని వంచేస్తాం, వంచినట్టు కూడా తెలీదు.

*పెంక్వె అంటే అయిదు. రెండు నియమాలు తీసుకో. ఒకటి: ఎ, ఇ ముందున్న క, క్వ రెండూ చ అవుతాయి. రెండు: ఎ, ఒ లు అ అవుతాయి. ఈ వరసలో చేస్తే *పెంక్వె, పెంచె, పంచ. సంస్కృతమే వచ్చింది. తిరగేసి చెయ్యి: ముందే పంక్వ అయిపోతుంది, చ పుట్టించాల్సిన ఎ ఇక అక్కడ లేదు, క్వ అలాగే మిగులుతుంది. సంస్కృతంలో చకార (చేశాడు) అన్న మాట చూడు. మొదటి రెండక్షరాల్లోనూ మూలంలో ఉన్నది క్వ. మొదటిదాని పక్కన ఎ ఉండేది కనక చ, రెండోదాని పక్కన ఒ ఉండేది కనక క. ఆ తర్వాతే అచ్చులు కలిసిపోయాయి. 1870లలో పండితులు సంస్కృత అ వెనక ఒకప్పుడు ఎ ఉండేదని తేల్చింది ఇలాంటి జాడలతోనే.

లారింజియల్స్‌లోనూ ఇదే చిక్కు. హ2 తన పక్కనున్న ఎ ని అ చేస్తుంది, హ3 ఒ చేస్తుంది, హ1 ఏమీ చెయ్యదు. ఈ రంగు పూయడం అయ్యాకే అవి లోపించాలి, పోతూ ముందున్న అచ్చును దీర్ఘం చెయ్యాలి. *స్తెహ2 నుంచి స్తా వస్తుంది. లాటిన్ స్తారే, మన స్థా ధాతువు అక్కడివే. ముందే హ2ను తీసేస్తే స్తే మిగులుతుంది. *ప్హ2తేర్‌లోలా హల్లుల మధ్య ఇరుక్కుంటే సంస్కృతం ఇ చేసుకుంది (పితా), గ్రీకు, లాటిన్ అ చేసుకున్నాయి. అసలు లోపింపజేయాలని నియమమేమీ లేదు. భాషావేత్త సొస్యూర్ 1879లో లెక్కగట్టి ఊహించిన ఈ ధ్వనుల జాడను పోలిష్ పండితుడు కురిలోవిచ్ 1927లో ప్రాచీన అనటోలియా భాష హిట్టైట్ మాటల్లోనే చూపించాడు. నీ భాషలోనూ హ2ను గొంతులో ఒరిసే ఖ గా ఉంచితే నాకైతే ముచ్చటగా ఉంటుంది.

ఉదాత్తాన్ని తొందరపడి చెరిపెయ్యకు. వేదంలో భ్రాతా మొదటి అక్షరం మీద, పితా చివరి అక్షరం మీద ఉదాత్తంతో పలుకుతాయి. ఆ తేడా వల్లనే పాత జర్మానిక్ భాష గోతిక్‌లో అన్నదమ్ముడి మాటలో ఊది పలికే థ, తండ్రి మాటలో ద వచ్చాయని భాషావేత్త వెర్నర్ 1877లో చూపాడు. ఆ భాషల్లో ఉదాత్తం మొదటి అక్షరానికి జరిగింది ఆ తర్వాతే. నీ పట్టికలో అది మూడో కాలమ్‌లోనే మాయమైంది.

జర్మానిక్ భాషల హల్లులను మార్చిన గ్రిమ్ నియమాన్ని మొత్తంగా ఎత్తి పెట్టావు, తీసెయ్. అది ఉంటే చదివేవాళ్ళకు జర్మన్ బంధువే కనిపిస్తుంది. మార్పులు కావాలంటే చుట్టూ విను. హైదరాబాదీ ఉర్దూలో గొంతు లోపలి క అంతా ఖ అయి, కలం ఖలం అయింది. గోండి మాండలికాల్లో స మెల్లగా హ అయి, కొన్నిచోట్ల పూర్తిగా పోయింది; ఈ మార్పు మీద మన భద్రిరాజు కృష్ణమూర్తి పనిచేశారు. ఇరానీ భాషలూ అదే చేశాయి: సప్తకు జోడు పారశీక హఫ్త్, మన బజార్లో హఫ్తా. వింత మార్పు కావాలన్నా తప్పులేదు. అర్మేనియన్‌లో మాట మొదటి ద్వ కాస్తా ఎర్క్ అయింది, రెండు అనడానికి ఎర్కు అంటారు. ఒక్క మాటలోనే అయితే ఎవరూ నమ్మరు. భయం, పొడవు అనే అర్థాలున్న మాటల్లోనూ అదే జరిగింది కాబట్టి నియమమైంది. నీ వింత నియమానికి కూడా కనీసం మూడు మాటలు చూపించు.

ప్రతి నియమానికీ ఆయుష్షు ఉంటుంది. కన్నడంలో కివి, కెరె అలాగే ఉండగా తెలుగులో చెవి, చెరువు అయ్యాయి. క్రిందలో ర పోయి కింద అయ్యేనాటికి ఆ నియమం పని ముగిసింది, అందుకే చింద కాలేదు. తర్వాత వచ్చిన కిటికీ కూడా కిటికీగానే ఉంది. కాబట్టి అరువు మాటలను ఏ కాలమ్ దగ్గర చేర్చావో రాసిపెట్టుకో, అంతకు ముందరి నియమాలు వాటికి తగలకూడదు.

అన్నీ అయ్యాక ధాతువుల దగ్గరికి రా. భెర్, భొర్, భృ అని ఒకే ధాతువు మూడు వేషాలు వేస్తుంది. చ నియమం తగిలిన ధాతువులు ఒక రూపంలో చ, ఇంకో రూపంలో క చూపిస్తాయి. జనం కొన్నిటిని ఒకే తీరుకు తెచ్చేస్తారు, బాగా వాడుకలో ఉన్నవాటిని వంకరగానే ఉంచుతారు. ఈ సర్దుబాటుకు చివర విడిగా కాలమ్ పెట్టు, ధ్వని నియమాల్లో కలపకు. తర్వాత చివరి కాలమ్‌ను అక్షరక్రమంలో పేర్చి చూడు. రెండు మాటలు ఒకే రూపానికి చేరితే ఒకదానికి ప్రత్యయం తగిలించు, లేదా దాన్ని వదిలి పక్క మాటను వాడు. నియమాన్ని మాత్రం ముట్టుకోకు.

పట్టిక మళ్ళీ పంపేటప్పుడు క్వ, ఘ్వ ఉన్న మాటలు ఇంకో పది చేర్చు, ఇప్పుడున్న రెండూ చాలవు.

ఇట్లు,
మీ పెదనాన్న