స్టూడియోకి అడ్డొచ్చిన బండ

ప్రశ్న: నేను ఆయిల్ పెయింటింగ్స్ వేస్తాను. కనకపుర రోడ్డు లోపలికి ఇరవై గుంటల స్థలం కొన్నాం, ఇల్లూ స్టూడియో అక్కడే కట్టుకోవాలని. మధ్యలో నాలుగు ఏనుగులంత బండ ఉంది, దాని కిందికి నేల వాలుగా ఉంటుంది. మేస్త్రి బండ పేల్చేసి చదును చేద్దామంటున్నాడు. మావారేమో ఆర్టిస్టులకు ఉత్తరపు వెలుతురే మంచిదని ఎక్కడో చదివి, ఉత్తరం గోడంతా గాజు పెట్టిద్దామంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు మేస్త్రికి ఫోన్ చేసి ఆగమనండి. పేలుడు పెడితే కింద మిగిలే రాయి కూడా బీటలిస్తుంది, రేపు మీ పునాది కూర్చునేది దాని మీదే. (వ్యవసాయ భూమిని ఇల్లు కట్టుకునే భూమిగా మార్పించే కన్వర్షన్ అయ్యే ఉంటుందనుకుంటాను, లేకపోతే అన్నిటికంటే ముందు అది చూడండి.)

అలాగని పడకగదిని బండకు ఆనించి కట్టకండి. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం లాల్‌బాగ్ వెళ్లి కెంపేగౌడ బురుజున్న బండ మీద కూర్చోండి, 300 కోట్ల ఏళ్ల నాటి రాయి అది, పొద్దుగూకాక కూడా కింద నుంచి సెగ తగులుతూనే ఉంటుంది. అందుకే బండ వైపుకి స్టోరు, బాత్రూములు పెట్టి, మధ్యలో మూడడుగుల సందు వదలండి. వాన నీళ్లు జారి వచ్చేది ఆ సందులోకే, అక్కడ కాలువ తీసి సంపుకి కలిపేయండి. ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడే ఊరు మనది, వెయ్యి చదరపుటడుగుల కప్పు మీదే 90 వేల లీటర్లు పడతాయి, బండ మీద పడేది అదనం.

ఇక గాజు గోడ. మీవారు చదివింది యూరప్ వాళ్లకు సరిపోయే మాట, అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు. బెంగళూరు ఉన్నది 13 డిగ్రీల అక్షాంశం మీద. ఏప్రిల్ 24 దగ్గర ఒకసారి, ఆగస్టు 18 దగ్గర ఇంకోసారి మిట్టమధ్యాహ్నం నిలబెట్టిన కర్రకు నీడే పడదు, ఆ మధ్య నాలుగు నెలలూ సూర్యుడు ఉత్తరానికి వచ్చేస్తాడు, అంటే మే నెల ఎండ తిన్నగా మీ స్టూడియోలోకే. కిటికీలు ఉత్తరానికే పెట్టండి గానీ నాలుగడుగుల వెడల్పు చొప్పున విడగొట్టి, ఒక్కోదానికి పైన రెండడుగుల సజ్జ, రెండు పక్కలా రెండడుగుల గోడ రెక్కలు కట్టించండి. ఉదయం, సాయంత్రం ఏటవాలుగా దూరే ఎండను ఆపేది ఆ రెక్కలే.

కిటికీ ఎదురుగా పచ్చని చెట్టు వద్దు. ఆకుల మీద పడి వచ్చే వెలుతురుకి ఆ పచ్చదనం అంటుకుని రంగులు కలిపేటప్పుడు మోసం చేస్తుంది. బూడిదరంగు బండతో ఆ టెన్షన్ దాదాపు ఉండదు, కాబట్టి స్టూడియో దానికి దక్షిణాన, ఓ పదిహేనడుగుల దూరంలో పెడితే మేస్త్రి పేల్చేద్దామన్న బండే మీకు పనికొస్తుంది.

వాలు కూడా అలాగే ఉంచండి. ఇంటికంటే స్టూడియో నేల మూడడుగులు దించి, రెంటికీ కప్పు ఒకే మట్టంలో వేస్తే పెద్ద కాన్వాసులకు కావలసిన ఎత్తు దానంతటదే వస్తుంది. తలుపు ఎత్తు మాత్రం మీ అన్నిటికంటే పెద్ద కాన్వాసును కొలిచాకే చెప్పండి. ఏడడుగుల తలుపు పెట్టించుకుని, ఎనిమిదడుగుల బొమ్మను బయటికి తేవడానికి ఫ్రేమంతా ఊడదీసి చుట్టుకున్నాయన్ని చూశాను.