బిందెల షెడ్డు నుంచి రైలు పెట్టెల దాకా: అబ్బాయి ప్లాన్‌కి ఊ అనాలా?

ప్రశ్న: అజ్జరం దగ్గర మాకు ఇత్తడి బిందెలు, గుండిగలు చేసే షెడ్డు ఉంది. మా అబ్బాయి ప్రాగ్‌లో మెకానికల్ ఎమ్మెస్ చదువుతున్నాడు. అక్కడ రింగ్‌హోఫర్ అనే పాత్రల వ్యాపారి రైలు పెట్టెలు చేసి మేయర్ కూడా అయ్యాడట. మనమూ పొలం అమ్మేసి మెట్రో కోచ్‌లకి విడిభాగాలు చేద్దామంటున్నాడు. ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీవాడు చెప్పింది నిజమేనండీ, కాకపోతే సగమే చెప్పాడు. ఫ్రాంటిషెక్ రింగ్‌హోఫర్ (1817–1873) పుట్టేనాటికే వాళ్లింట్లో రాగి పని ఉంది. తాత 1771లో ప్రాగ్‌లో మొదలుపెట్టిన కార్ఖానా అది. బీరు కాచే పెద్ద పెద్ద రాగి కాగులు వాళ్ల ప్రత్యేకత, ఊరవతల కామెనిట్సెలో రాగి రేకు సాగగొట్టే మిల్లు కూడా ఉండేది. అంటే ఇతని చేతికొచ్చేసరికే లోహం పని తెలిసిన మనుషులు, డబ్బు, నమ్మకంగా కొనేవాళ్లు అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

1845లో ప్రాగ్‌కి రైలొచ్చింది. ఆ తర్వాత ఏడేళ్లకి, 1852లో, అప్పటికి ప్రాగ్‌లో కలవని స్మీఖోవ్‌లో, ఖాళీ జాగా చూసుకుని వ్యాగన్ ఫ్యాక్టరీ పెట్టాడు. చుట్టూ లైన్లు పడుతున్నాయి, పెట్టెలు కొనేవాళ్లు కళ్లెదుటే ఉన్నారు, ఇంత జరిగినా కాగుల పని మాత్రం మానలేదు, బీరు, చక్కెర ఫ్యాక్టరీల సామాను చేస్తూనే ఉన్నాడు. నన్నడిగితే అతని అసలు తెలివి అక్కడుంది. (ఆయన పోయిన మరుసటేడు, 1874లో, ఆ కుటుంబం వెల్కే పొపోవిత్సెలో సొంతంగా బీరు ఫ్యాక్టరీయే తెరిచింది, ఇవాళ్టి కోజెల్ బీరు అక్కడిదే!)

ఇక మేయర్ పదవి, అది ప్రాగ్‌కి కాదు, స్మీఖోవ్‌కి. అది ఫ్యాక్టరీ నిలదొక్కుకున్నాక, 1860ల మొదట్లో వచ్చింది. ప్లజెన్ నగరం వైపు రైలు లైను, స్మీఖోవ్ స్టేషన్ 1862లో వచ్చాయి, ఊరు ఫ్యాక్టరీల పేటగా మారుతోంది, అలాంటి చోట అంతమందికి పని ఇచ్చే పెద్దమనిషిని ఊరు పట్టించుకోకుండా ఎలా ఉంటుంది? ఆ ఫ్యాక్టరీ స్థలంలో ఇప్పుడు నోవీ స్మీఖోవ్ అనే షాపింగ్ మాల్ ఉంది, మీవాడు బహుశా అక్కడికి వెళ్లే ఉంటాడు.

పొలం మాత్రం ఇప్పుడే అమ్మకండి. చదువవగానే అబ్బాయిని రెండు మూడేళ్లు కోచ్‌ల తయారీలో, వీలైతే షాప్‌ఫ్లోర్ మీదే ఉద్యోగం చేయనివ్వండి. వెల్డింగ్ సర్టిఫికెట్లు, క్వాలిటీ ఆడిట్, వెండర్ అప్రూవల్ (భాగాలు సప్లై చేయడానికి కంపెనీ మనల్ని ఒప్పుకోవడం) ఎలా నడుస్తాయో అప్పుడు తెలుస్తుంది. పోత, రేకు పని, పాలిష్ తెలిసిన మీ మేస్త్రీలు ఏ చిన్న భాగం చేయగలరో ఈలోగా మీరిద్దరూ కూర్చుని లెక్క వేయండి, రైల్వేకే కానక్కర్లేదు, హోటళ్ల స్టీమ్ వంట సామాను అయినా సరే. ఒక్క కంపెనీ శాంపిల్ ఓకే చేసి చేతికి ఆర్డర్ ఇచ్చాక, షెడ్డు మీద లోన్ తీసుకుని ఒక్క మెషీన్ కొనండి. బిందెల పని ఆపొద్దు, ఆ లోన్ కిస్తీలు కట్టేది అదే.